డీపీఆర్‌లో ఏటా వానలే

అనంతపురంలో ఏటా తప్పకుండా వాన పడే చోటు ఒకటుంది. గొడుగు అక్కర్లేదు, ఏదైనా జిరాక్స్ అంగడి మేడ మెట్లెక్కితే చాలు. అక్కడ సలహాదారు గారి బల్ల మీద ప్రాజెక్టు రిపోర్టు ఉంటుంది. ముద్దుపేరు డీపీఆర్. అందులో జూన్‌లో పదును తప్పదు, ఊడలు దిగేటప్పుడు వాన తప్పదు, సెనక్కాయ ఏనాడూ ఎండదు. మిల్లు మొదటి ఏడు 60 శాతం ఆడుతుంది, రెండో ఏడు 70, మూడో ఏడు 80. కిటికీ అవతల ఉన్నది మాత్రం ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు అటూ ఇటూగా పడే నేల. నైరుతి మేఘాలను పడమటి కనుమలు పిండేసుకుంటాయి. ఈశాన్యం కోస్తాలోనే సంచి దులిపేసి మన దాకా వట్టి చేతులతో వస్తుంది. అయితే ఏం? ఎక్సెల్ షీటుకు కిటికీలుండవు.

మా మేనమామకు ఊర్లో పాత గానుగ ఉండేది. ఆయనకు కావలసిందల్లా ఒక కొత్త మోటారు. ఆ మాట చెప్పుకోవడానికి సలహాదారు దగ్గరికి పోయినాడు. కడుపునొప్పికి మందు అడగబోతే కొత్త కడుపే పెట్టుకోమన్నట్టు అయింది.

"మోటారుకు పథకం లేదన్నా. కొత్త యూనిట్ పెడితే పీఎంఈజీపీ ఉంది."

"ఉన్న గానుగ బాగానే ఆడతాంది కదప్పా?"

"అదే నీ తప్పు. ఉన్నదానికి ఇయ్యరు. లేనిదానికి ఇస్తారు."

ఆయన అబద్ధం చెప్పలేదు, పాపం. ఆ పథకం ప్రధానంగా కొత్తగా పెట్టేవాళ్లకే. పల్లెలో పెడితే జనరల్ వాళ్లకు ఖర్చులో 25 శాతం సబ్సిడీ, మహిళలు, బీసీలు, ఎస్సీ, ఎస్టీల వంటి వర్గాలకు 35 శాతం. ఆ పది శాతం తేడా కోసం మా అత్త రాత్రికి రాత్రి పారిశ్రామికవేత్త అయింది. పొద్దున సంగటి కెలుకుతుంటే సంతకాలు తీసుకుని పోయినారు. ఎంత పెద్ద యూనిట్ పెడితే అంత సబ్సిడీ, ఎంత సబ్సిడీ వస్తే అంత సలహాదారు వాటా. కాబట్టి మోటారు కాస్తా ఫిల్టరు అయింది, ఫిల్టరు ప్యాకింగ్ మిషను అయింది, చివరికి మిషన్లకు సరిపడా షెడ్డు లేచింది. కొటేషన్లు కూడా సలహాదారే తెచ్చినాడు. మిషన్లమ్మేది ఆయన బామ్మర్దే అని మాకు తర్వాత తెలిసింది.

రిబ్బన్ కత్తిరించిన రోజు అందరూ వచ్చినారు. పురుడు పోయడానికి పదిమంది మంత్రసానులు. బిడ్డకు జ్వరమొస్తే చూసే నాథుడే లేడని అప్పుడు ఎవరికి తెలుసు?

వరుసగా రెండు ఖరీఫ్‌లు ఎండినాయి. కాయ బయటి జిల్లాల నుంచి లారీల్లో తెచ్చుకోవాల్సి వచ్చింది. ఆ ధరకు కొని ఆడించిన నూనెను టిన్నుల పామాయిల్ పక్కన పెడితే కొనేవాడు ముఖం తిప్పుకుంటాడు. వాయిదాలు తప్పినాయి. మామ సలహాదారుకు ఫోన్ చేస్తే స్విచాఫ్. బ్యాంకు నుంచి మాత్రం మామకు రోజూ ఫోను.

ఇక్కడ ఒక్క మాట. ఇంగ్లీషులో రికవరీ అంటే జబ్బుమనిషి కోలుకోవడం కూడా. మా పక్క ఆ అర్థం ఇంకా దిగుమతి కాలేదు. ఇక్కడ రికవరీ అంటే వసూలు. రికవరీ వాళ్లొచ్చినారంటే డాక్టర్లు వచ్చినారని ఎవరూ మంచం పరచరు.

నిజానికి మందు ఉంది. 2015 మే 29న కేంద్రం గెజిట్‌లో అచ్చేసింది, 2016 మార్చిలో రిజర్వు బ్యాంకు తన ఆదేశాలిచ్చింది. అప్పు 25 కోట్ల లోపున్న చిన్న పరిశ్రమ కష్టాల్లో పడితే, ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండిబాకీ, కాకముందే బ్యాంకు జబ్బును గుర్తించి దారి చూడాలి. యజమాని తానే అర్జీ పెట్టుకోవచ్చు. పది లక్షల లోపు అప్పయితే కమిటీ దాకా పోనక్కర్లేదు, బ్రాంచి మేనేజరే చూడొచ్చు. దారులు మూడు: చిన్న లోపం దిద్దుకోవడం, అప్పును తిరగరాయడం, ఆ రెండూ కుదరకపోతేనే వసూలు. మామ విషయంలో బండి తిన్నగా మూడో దారే పట్టింది. ప్రో నిట్స్ అనే సంస్థ కేసులో 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు, ఈ పద్ధతిని బ్యాంకులు పాటించి తీరాలంది. మరి చిన్న పరిశ్రమ కూడా వేళకు నోరు విప్పాలని అదే తీర్పులో అంది. గెజిట్ చదివి వేళకు నోరు విప్పమని గానుగాయనకు చెప్పాల్సింది ఎవరు? ఫోను స్విచాఫ్ చేసుకున్నాయనే.

గానుగ సంగతి అట్లుంటే, ఇక ధర్మవరం పోదాం. అక్కడ చేనేత కార్మికుడికి ఇచ్చే సలహాలు ఇంకా రంగురంగులు. లోగో పెట్టు, ఇన్‌స్టాలో రీల్స్ చెయ్, నీ చీర కథ చెప్పు. గుంత మగ్గంలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాయన కథ ఒకటే: పట్టు ధర పెరిగింది, చీరలు తీసుకుపోయిన షావుకారు డబ్బు ఇయ్యలేదు. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం ఉద్యమ్ పోర్టల్‌లో నమోదైన చిన్న ఉత్పత్తిదారుకు 45 రోజుల్లోపు డబ్బు కట్టాలి, దాటితే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ. ఈ మాట చెప్పే వర్క్‌షాపు నేనింతవరకు చూడలేదు. చెప్పినా ఆయన నవ్వుతాడేమో. షావుకారు ఇచ్చింది బిల్లు కాదు, సిగరెట్ పెట్టె అట్ట మీద రాసిన చీటీ. ఆ చీటీని బిల్లుగా మార్పించడం సలహా. రీల్ చేయించడం కాలక్షేపం.

అడగకుండా ఇచ్చే సలహా ఏమవుతుందో ఎర్నెస్టో సిరోలీ అనే ఇటలీ ఆయన తన కథగా తానే చెప్పుకున్నాడు. జాంబియాలో నది ఒడ్డున బంగారం లాంటి నేల, ఊరివాళ్లెవరూ సేద్యం చేయరు. పాపం తెలియదనుకుని ఇటలీ బృందం టమాటాలు వేయించింది. పండ్లు ఎర్రబడిన రాత్రి నీటిగుర్రాలు నదిలోంచి లేచొచ్చి మేసి పోయినాయి. ముందే చెప్పలేదేమంటే, మీరు అడగలేదు కదా అన్నారట. సిగ్గుపడ్డ ఆ మనిషి 1985లో పశ్చిమ ఆస్ట్రేలియాలోని ఎస్పెరన్స్ అనే ఊర్లో, పిలిస్తేనే పోవాలి, పోయినాక ముందు వినాలి అనే పద్ధతి మొదలుపెట్టాడు. మన దగ్గర నీటిగుర్రాల భయం లేదు. నీళ్లే లేవు. అదే అడగాల్సిన ప్రశ్న.

పెద్ద పెట్టుబడివాళ్లు ఆ ప్రశ్న అడుగుతారు. పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీకి నీళ్లు గొల్లపల్లి జలాశయం నుంచి, ఆ జలాశయానికి హంద్రీ–నీవా కాలువ నుంచి. వేల కోట్లు పెట్టేవాడికి నీళ్లెక్కడివో ముందే తేలాలి. పాతిక లక్షలవాడి డీపీఆర్‌లో 'ముడిసరుకు: స్థానికంగా సమృద్ధిగా లభ్యం' అన్న ఒక్క వాక్యంతో వానదేవుడి సంతకం కూడా అయిపోతుంది.

సలహా ఇచ్చేవాళ్లందరినీ ఒకే గాటన కట్టను. 1982లో ఉజిరెలో పుట్టిన రుడ్‌సెట్ సంస్థ అనంతపురంలోనూ ఉంది. అక్కడి పద్ధతిలో స్వయం ఉపాధి శిక్షణ కొన్ని రోజులే, వెంట ఉండేది రెండేళ్లు. చెన్నేకొత్తపల్లి వైపు టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ 1990 నుంచి ఆ ఎండిన గుట్టల మధ్యే కాపురముంటోంది. కొర్రలు, సామలు పండించే రైతులే యజమానులుగా ధరణి అనే సహకార సంఘం అక్కడ పుట్టింది. కరువొస్తుందని లెక్కేసుకునే ఆ పంటలు ఎంచుకున్నారు. వీళ్ల ఫోన్లు స్విచాఫ్ కావు, ఎందుకంటే వీళ్లు ఎక్కడికీ పోలేదు.

మొన్న మా సలహాదారు మళ్లీ ప్రత్యక్షమైనాడు. మామ షెడ్డు ఖాళీగా ఉందని విన్నాడంట. ఈసారి మిల్లెట్ కుకీలు. చేతిలో కొత్త డీపీఆర్, మెరిసే అట్ట. మొదటి ఏడు 60 శాతం, రెండో ఏడు 70.

మామ కళ్లద్దాలు పెట్టుకుని ఒక్కో పేజీ నిదానంగా తిప్పినాడు. చివరిదాకా పోయి, మళ్లీ మొదటికొచ్చినాడు.

"కరువు ఏ పేజీలో పెట్టినావు సామీ?"

సలహాదారు పుస్తకం లాక్కుని తనే వెతకడం మొదలుపెట్టినాడు.