పొగ కన్నీరు

నేనొక ట్యాబును. కృష్ణా తుంగభద్రల నడుమనున్న రాయచూరు జిల్లాలో, 1953లో పూర్తియైన తుంగభద్ర జలాశయపు ఎడమ కాలువ నాశ్రయించి కోస్తానుండి తరలివచ్చిన రైతులు సింధనూరు చుట్టుప్రక్కల వెలయించిన క్యాంపులలో ఒకదానియందు, ఆటిజముగల యేడేండ్ల బాలునకు సహాధ్యాయినై యున్నాను. బొమలు ముడివడిన మోమును నేను చూపగా ఇంట అమ్మ ‘కోపం’ అనును, బడిలో టీచరు కన్నడమున ‘సిట్టు’ అనును; ఒక్క ముఖమునకు రెండు పేర్లేల యని వాడు నన్నెన్నిమార్లు నొక్కి యడిగెనో!

నా వంశము ప్రసిద్ధమైనదే. కేంబ్రిడ్జిలో సైమన్ బారన్-కోహెన్ బృందము 412 భావములను నటుల ముఖములతోను కంఠములతోను ‘మైండ్ రీడింగ్’ అను సాఫ్ట్‌వేరునందు కూర్చెను. దాని నభ్యసించిన ఆటిజముగల పెద్దలు తెరమీది భావములను చక్కగా గుర్తించిరిగాని, పరిచయములేని సన్నివేశములలో ఆ నేర్పు అంతగా అక్కఱకు రాలేదని 2006లో వెలువడిన వారి పరిశీలనమే యొప్పుకొన్నది. ఆ లోపమును నేనొకనాడు స్వయముగా ఎఱిగితిని.

తాలింపులోని యెండుమిరప మాడి, ఆ ఘాటుకు అమ్మ కన్నులు నీరు గ్రమ్మెను. బాలుడు పరుగున వచ్చి నాలోని యేడుపుబొమ్మను తాకెను. యంత్రమునుగదా, జవాబు సరియేయని నేను చప్పట్లు మ్రోగించితిని. అమ్మ నవ్వినది. కన్నీరును నవ్వును ఒక్క మోమున గాంచి వాడు చెవులు గట్టిగా మూసికొనెను.

కన్నీటికి శోకమొక్కటియే కాదు, ఆనందము, అమర్షము, భయము, ఆవులింత, కాటుక, తుదకు పొగయు కారణములేయని భరతుని నాట్యశాస్త్రము ఏనాడో చెప్పియున్నది. నన్ను రచించినవారు నాకు అనుభావములను, అనగా పైకి తోచు గుర్తులను మాత్రమే యొసగిరి; విభావమును, అనగా వాని కారణమును నేనెఱుగను. కన్నీరు కానవచ్చును గాని, పొయ్యిమీది బాణలి నాకు కానరాదు.

అమ్మ నన్ను ప్రక్కనుంచి, వాని చేయిపట్టి పొయ్యికడకు గొనిపోయి, “ఇదిగో నాన్నా, పొగ. కళ్ళు మండాయి, అంతే. అమ్మకి ఏడుపు రాలేదు” అన్నది. నాటినుండి నేను చూపు ప్రతి ముఖమునకును ఆమె ‘ఎందుకు?’ అను ప్రశ్నను జోడించుచున్నది.

కొన్నినాళ్ళకు, రాత్రియంతయు కాలువనీటికి కావలికాసి వచ్చిన తండ్రి కన్నులెఱ్ఱబడియుండగా, వాడు నన్ను తాకనైన తాకక, “పొగా?” అని యడిగెను. పొగ కాదు, నిద్రలేమి. అయినను వాడు అడిగెను, అడుగవలసినవారినే యడిగెను.

చదువరులారా, మీ యింట నావంటి యంత్రమున్నయెడల దానిని బిడ్డ చేతికిచ్చి లేచిపోకుడు. ప్రక్కన కూర్చుండుడు.