కెమెరాలాయన

ప్రతి కాలనీలోనూ ఒక హోమియోపతీ ఆయన, ఒక వాస్తు ఆయన ఉండనే ఉంటారు. ఈమధ్య ఒక కెమెరాలాయన కూడా తయారవుతున్నాడు. వయసు యాభై దాటి ఉంటుంది. ఏ బ్యాంకులోనో, విద్యుత్ శాఖలోనో చేసి వీఆర్ఎస్ పుచ్చుకుని ఉంటాడు. చొక్కా జేబులో పెన్నుండాల్సిన చోట సన్నటి స్క్రూడ్రైవర్ ఉంటుంది. భోజనానికి పిలిస్తే విస్తరి వైపు కాకుండా అటక వైపు చూస్తాడు. "మీ నాన్నగారి కాలంనాటి కెమెరా ఏదైనా పడి ఉందా అండీ?" అని అడగడం మాత్రం చేతులు కడుక్కోకముందే అయిపోతుంది.

ఆయన దగ్గర బీరువా నిండా కెమెరాలున్నాయి. ఫోటోలు లేవు. ఈ సంగతి ముందే చెప్పేస్తే మీకు తర్వాత ఆశ్చర్యపోయే శ్రమ తప్పుతుంది.

హైదరాబాద్‌లో ఈ భక్తులకు రెండు పుణ్యక్షేత్రాలు: ఎర్రగడ్డ ఆదివారం సంత, పురానాపూల్ దగ్గరి జుమ్మెరాత్ బజార్. పాత మిక్సీలు, జత లేని చెప్పులు, ఎవరింటిదో గోడ గడియారం, వాటి మధ్య ఒక యాషికా ఎలక్ట్రో 35. ఆయన దాన్ని చూడనట్టే దాటిపోతాడు. మళ్ళీ వెనక్కొచ్చి, మిక్సీ ధర అడిగి, మాటల్లో పెట్టి, కెమెరా చేతిలోకి తీసుకుంటాడు. ఇక్కడిదాకా నటన అద్భుతం. చెడగొట్టేది చెవి. 1966లో వచ్చిన ఈ మోడల్ లోపల చిన్న రబ్బరు ముక్క ఒకటుంటుంది. అది బాగుంటే రీలు తిప్పే మీట లాగినప్పుడు లోపల ‘ఠక్’మని వినిపిస్తుంది. పొడైపోతే ఆ చప్పుడుండదు. ఈ పిచ్చి ఉన్నవాళ్ళు ఏ దేశంలో ఉన్నా దాన్ని ‘ప్యాడ్ ఆఫ్ డెత్’ అనే పిలుస్తారు. మనవాడు కెమెరాను చెవికి ఆనించి, కళ్ళు మూసుకుని, మీట లాగుతాడు. ఠక్! ముఖం వెలిగిపోతుంది. బేరం అక్కడే పోతుంది.

"చెవి పెట్టి విన్నరంటే మీకు అన్నీ ఎరుకే సార్. ఇగ రేటు వేరే ఉంటది."

అప్పుడు మనవాడు రోగాల చిట్టా విప్పుతాడు. లెన్సులో ఫంగస్ పట్టింది, వెనక తలుపు సందుల్లో నురుగు కరిగి తారైపోయింది, దీనికి పడే పాదరసం బ్యాటరీ ఇప్పుడు తయారే కావడం లేదు. అన్నీ నిజాలే. ఆరు వోల్టుల మామూలు బ్యాటరీకి ఒక స్ప్రింగు తగిలిస్తే పనైపోతుందన్న నిజం ఒక్కటే కడుపులో దాచుకుంటాడు.

ఇంటికి తెచ్చిన కెమెరాకు శస్త్రచికిత్స భోజనాల బల్ల మీద జరుగుతుంది. తెల్ల తువ్వాలు పరుస్తాడు. మరలు పెట్టుకోవడానికి ఇడ్లీ పళ్ళెం తెస్తాడు. ఒక్కో గుంటలో ఒక్కో అంచె మరలు: మొదటి గుంటలో పై మూతవి, రెండో గుంటలో లెన్సు చుట్టూ ఉన్నవి. మళ్ళీ బిగించేటప్పుడు ఆఖరి గుంట నుంచి వెనక్కి రావాలి. ఈ ఏర్పాటులో ఒక్క లోపం కూడా లేదు. కాకపోతే ఆ ఇంట్లో మర్నాడు ఉప్మా.

పాత జపాన్ కెమెరా మర తల మీది ప్లస్సు గుర్తు మన బజారు స్క్రూడ్రైవర్‌కు సరిగ్గా అమరదు, బలవంతంగా తిప్పితే గాడి అరిగిపోతుంది. అందుకని జపాను కొలతది ప్రత్యేకంగా తెప్పించుకున్నాడు. తలుపు గడియ బిగించడానికి వచ్చిన వడ్రంగి పొరపాటున దాన్ని ముట్టుకున్నాడు. పాపం, మరల చరిత్ర మీద ఉపన్యాసం విని కూలి తీసుకోకుండానే వెళ్ళిపోయాడు.

అసలు ప్రళయం లెన్సు మీద అంకెలుండే కడియం విప్పినప్పుడు వస్తుంది. దాన్ని తిప్పితే టిక్కు టిక్కుమనేది లోపలున్న ఆవగింజంత ఉక్కు గుండు వల్ల. కడియం పైకి లేపగానే ఆ గుండు ఎగిరిపోతుంది. ఎటు పోయిందో ఆ భగవంతుడికే తెలియాలి. ఆ క్షణం నుంచి ఇంట్లో కర్ఫ్యూ. ఫ్యాను ఆపాలి, ఎవరూ నడవకూడదు, చీపురు ముట్టుకోకూడదు. ఇంటికి వచ్చిన అల్లుడితో సహా అందరూ ఫోన్లలో లైట్లు వేసుకుని, మోకాళ్ళ మీద పాకుతూ వెతకాలి. ఆయన ఒక్కడే కుర్చీలో కూర్చుని అయస్కాంతానికి దారం కడుతుంటాడు.

తలుపు సందుల్లో తారైన నురుగును గీకేసి ఆ చోట నల్ల వెల్వెట్ అతికించాలి, లేకపోతే వెలుతురు చొరబడి రీలు పాడవుతుంది. వెల్వెట్ ఎక్కణ్ణుంచి వచ్చిందో వాళ్ళావిడ ఏదో పెళ్ళికి వెళ్ళాల్సిన రోజున జాకెట్టు తీసి చూసుకునేదాకా బయటపడదు.

ఆవిడ ఓర్పు గురించి చెప్పాలంటే టకుమార్ లెన్సు సంగతి చెప్పాలి. పెంటాక్స్ వాళ్ళ సూపర్ టకుమార్ 50 మిల్లీమీటర్ల లెన్సుల్లో కొన్నిటి గాజులో థోరియం కలిపేవారు. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ గాజు పసుపు పచ్చగా మారుతుంది. ఎండలో పెడితే మళ్ళీ తెల్లబడుతుంది. మే నెల ఎండను వృథా చేయడం ఎందుకని ఆయన దాన్ని మేడ మీద గుమ్మడి వడియాల పక్కన పెట్టాడు. ఆవిడ అడిగింది, ఆయన చెప్పాడు. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. గాజులో కొద్దిపాటి రేడియోధార్మికత ఉంటుందని, భయపడాల్సిన పని లేదని, ఆ థోరియం సగానికి తగ్గడానికే 1,400 కోట్ల ఏళ్ళు పడుతుందని కూడా చెప్పాడు.

"అప్పటికీ మీరు దాంతో ఒక్క ఫోటో తీయరు" అని ఆవిడ వడియాల గుడ్డ ఎత్తుకుని అవతలి పిట్టగోడ దగ్గరికి వెళ్ళిపోయింది.

డబ్బు మాట వస్తే ఆయన ఆయుధం ఒక్కటే, లైకా. 2022 జూన్‌లో వేలంలో ఒక లైకా కోటీ 44 లక్షల యూరోలు పలికింది. మన లెక్కలో నూరు కోట్ల రూపాయల పైమాటే. అది లైకాకు ప్రాణం పోసిన ఆస్కార్ బర్నాక్ స్వయంగా వాడుకున్న కెమెరా. ఈ వార్త ప్రింటు తీసి బీరువా తలుపుకు లోపలివైపు అంటించాడు. తలుపు వెనక ఉన్నవి మాత్రం లెన్సుతో కలిపి కిలోకు దగ్గరగా తూగే సోవియట్ జెనిత్‌లు, బరోడాలో న్యూ ఇండియా ఇండస్ట్రీస్ వాళ్ళు తయారుచేసిన అగ్ఫా క్లిక్ త్రీలు, శవాలుగా పడి ఉన్న యాషికాలు.

శవాలెందుకంటే, ఈ కెమెరాలకు విడిభాగాలు రావు. ఒక్కటి బతకాలంటే రెండు చావాలి. ఆ రెంటిలో ఒకటి కాస్త బాగానే ఉందనిపిస్తే దాన్ని బతికించడానికి ఇంకో రెండు కొనాలి. బీరువాలు ఎలా నిండుతాయో ఈపాటికి మీకే అర్థమై ఉంటుంది.

లైకా కూడా ఒకటుంది లెండి, బంగారు పూతతో, జర్మన్ గద్ద ముద్రతో. అది దొంగ లైకా. లెన్సు విప్పి లోపల దూరం కొలిచే చెయ్యి చూడాలి. అసలు లైకాకు అక్కడ గుండ్రటి చిన్న చక్రం ఉంటుంది. సోవియట్ నకలుకు మొన తేలిన లోహపు ముక్క ఉంటుంది. ఇది మొనది. లోపలున్నది ఫెడ్. ఖార్కివ్‌లో అనాథ పిల్లల కమ్యూన్‌లో 1934 నుంచి తయారైన కెమెరా, సోవియట్ రహస్య పోలీసు స్థాపకుడు ఫెలిక్స్ ఎడ్మందొవిచ్ జెర్జిన్‌స్కీ పేరులోని పొడి అక్షరాలే దాని పేరు. దానికి తర్వాత ఎవరో నాజీ వేషం కట్టి అమ్మారు. మోసపోయానని ఆయన బాధపడతాడనుకుంటే పొరపాటు. చక్రం లేకపోవడం చూసి, నవ్వుకుని, తెలిసే కొన్నాడట. నకిలీల్లో అసలైన నకిలీ అని చూపిస్తాడు. ఇంత ఆనందం అసలు లైకా ఉన్నవాళ్ళలో నేను చూడలేదు.

ఈ జాతిలోనే పాతికేళ్ళ రకం ఒకటుంది. మెడలో కెమెరా, నోట్లో ‘గ్రెయిన్’. వాళ్ళు ఫోటోలు తీస్తారు కాబట్టి మన లెక్కలోకి రారు.

మరి ఈయన ఎందుకు తీయడు? రీలు వెయ్యి రూపాయలకు అటూ ఇటూ ఉంది, కడిగించడానికి వేరే ఖర్చు, దాన్ని ఊరూరూ కొరియర్‌లో పంపాలి అంటాడు. ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వాళ్ళు చేసిన ‘ఇందు’ రీలు ఒకటి ఫ్రిజ్‌లో కోడిగుడ్ల అరలో దాచి ఉంచాడు. గడువు ఎప్పుడో దాటింది. అది సరైన సందర్భం కోసమట. మనవడి అన్నప్రాసన ఆ సందర్భం కాదని తేలింది. ఒక్కసారి మాత్రం పరీక్ష రీలు ఎక్కించాడు. 36 ఫోటోలూ ఎదురింటి నీళ్ళ ట్యాంకువే, ఒక్కో స్పీడులో కొన్ని. ట్యాంకు బాగా వచ్చింది.

అసలు కారణం రీలు కాదు. బాగుపడిన కెమెరా మీద ఆయనకు ఆసక్తి ఉండదు. ఠక్‌మనని వస్తువును ఠక్‌మనిపించడంలోనే ఆయన సుఖం. అదీ చిన్న సంగతి కాదు. ఇరవై ఏళ్ళ కిందటి డిజిటల్ కెమెరా మూగబోతే కంపెనీవాళ్ళే చేతులెత్తేస్తారు. డెబ్బై ఏళ్ళ కిందటి ఇనప కెమెరాను ఈయన ఇడ్లీ పళ్ళెంతో లేపి కూర్చోబెడతాడు. వాడకపోతే లోపల గ్రీజు గట్టిపడి షట్టర్ మందగిస్తుందని ఆదివారం పొద్దున్నే వరసగా అన్నిటికీ కసరత్తు చేయిస్తాడు. రీలు లేకుండానే మీట లాగడం, నొక్కడం. సెకను స్పీడులో పెట్టి ఆ ‘జ్‌ర్‌ర్’ వింటున్నప్పుడు పిలిచినా పలకడు.

మీ అటక మీద పాత కెమెరా ఉంటే ఒక్క మాట. వెనక మూత వెంటనే తెరవకండి. 35 మిల్లీమీటర్ల రకమైతే రీలు వెనక్కి చుట్టే గుబ్బను బాణం గుర్తు వైపు మెల్లగా తిప్పండి, బిగువు తగిలితే లోపల రీలున్నట్టే. క్లిక్ త్రీ అయితే వెనకున్న ఎర్ర కిటికీలో అంకె కనబడుతుందేమో చూడండి. సెల్ఫ్ టైమర్ మీట జోలికి అసలు పోకండి, పాత కెమెరాలు ఎక్కువగా అక్కడే బిగుసుకుంటాయి. పంచె చెంగుతో లెన్సు తుడవకండి. తర్వాత ఆయనకే ఇచ్చేయండి, శుభ్రంగా బాగుచేస్తాడు. లోపలున్న పాత రీలు కడిగించే పని మాత్రం మీరే చూసుకోండి.