మటాటు మహావాక్యం: టీకా తాత్పర్యం

మూలం: “టావ్, టావ్! హంసీని! వవీలీ తు, వవీలీ తు! బేబా, బేబా! ట్వెండే!”

అవతారిక: నైరోబీలోని వెస్ట్‌ల్యాండ్స్ స్టేజి దగ్గర తెల్లవారింది మొదలు రాత్రి పొద్దుపోయేదాకా ఎడతెగక వినిపించే ఈ వాక్యం గద్యమో పద్యమో పండితులు ఇంకా తేల్చలేదు. కర్త ఎవరో తెలియదు. ప్రవక్తలు మాత్రం వీధికి పదిమంది. ప్రవక్తను ఇక్కడ మకాంగ అంటారు, మన లెక్కలో కండక్టరు. మటాటు అంటే ఊరంతా తిరిగే ప్రైవేటు వ్యాను. దాని తలుపు పట్టుకుని ఒక కాలు లోపల, ఒక కాలు గాలిలో పెట్టి ఈ వాక్యాన్ని ఉచ్చరించాలని సంప్రదాయం. రెండు కాళ్ళూ నేలమీదే ఉన్నాయంటే బండి ఇంకా చాలాసేపు కదలదని గ్రహించాలి. కాళిదాసు అదృష్టవంతుడు, మన మెతుకుసీమ వాడైన కొలచల మల్లినాథసూరి వ్యాఖ్యాతగా దొరికాడు. మకాంగకు అంతటివాడు దొరక్క, ఈ ఊరికి కొత్తగా వచ్చిన నేను పూనుకోవలసి వచ్చింది.

ప్రతిపదార్థం: టావ్ = ఊరి నడిబొడ్డుకు; హంసీని = యాభై షిల్లింగులకు; వవీలీ = ఇద్దరు; తు = మాత్రమే; బేబా = ఎక్కించుకో; ట్వెండే = పోదాం.

‘హంసీని’ దగ్గర ఒక మాట. నాతోపాటే దిగిన తెలుగు మిత్రుడొకరు దీన్ని ‘హంసిని’ అని చదివి, హంసలా మెల్లగా నడిచేది గనుక వాహనానికి విశేషణమన్నాడు. పొద్దున్న ఎనిమిదింటికి వయాకీ వే మీద ఆ అర్థం చక్కగా పొసగుతుంది. తక్కిన వేళల్లో చెల్లదు. ఇక ‘తు’ సంస్కృత శ్లోకాల్లో లాగా పాదపూరణానికి వచ్చింది కాదు. అయినా ఉన్నా లేకున్నా తేడా పడదన్నది కింద తేలుతుంది.

వ్యాఖ్య: వాక్యానికంతటికీ ప్రాణం ‘వవీలీ తు’. ఇద్దరికి మాత్రమే చోటుంది, త్వరపడండి అని పైకి కనిపించే అర్థం. చిన్న మటాటులో ప్రయాణికుల సీట్లు 14, భువనాలు ఎన్నో ఇవీ అన్నే. పరుగెత్తుకొచ్చి ఎక్కినవాడికి వాటిలో ముక్కాలు మువ్వీసం శూన్యంగా దర్శనమిస్తాయి. అందుచేత ఈ మాటకు అసత్యదోషం పట్టిందని పూర్వపక్షం.

దీనికి ప్రాచీనులు, అంటే నాకంటే ముందొచ్చి పార్క్‌ల్యాండ్స్‌లో స్థిరపడ్డవాళ్ళు, ఇలా సమాధానం చెబుతారు. మకాంగ ఒక్కసారికి ఇద్దరినే పిలుస్తాడు. ఆ ఇద్దరూ ఎక్కాక మరో ఇద్దరిని పిలుస్తాడు. ఏడు పిలుపులకు బండి నిండుతుంది. కనుక ఇది అసత్యం కాదు, ఆవృత్తి. నవ్యులు దీన్ని ఒప్పుకోరు. లోపల అప్పటికే నలుగురైదుగురు కూర్చుని ఉండడం కళ్ళారా చూశామనీ, ప్రత్యక్షాన్ని మించిన ప్రమాణం లేదనీ వాళ్ళ వాదం.

సిద్ధాంతం వినండి. ఆ నలుగురైదుగురిలో అందరూ ప్రయాణికులు కారు. బండి నిండుగా కనబడడం కోసం కూలికి కూర్చునేవాళ్ళు కొందరుంటారు. నా పక్కన అలాంటి మహానుభావుడొకడు తగిలాడు. చేతిలో సంచీ లేదు, మొహంలో తొందర లేదు. పాత పేపరు ఒకటి విప్పుకుని అదే పేజీ చదువుతున్నాడు. నా వెనక ఇంకో ముగ్గురు ఎక్కగానే పేపరు మడిచి, ‘పోలే’ అని మర్యాదగా క్షమాపణ చెప్పి, నా మోకాళ్ళు దాటి దిగిపోయాడు. కిటికీలోంచి చూద్దును గదా, వెనక బండిలో ఎక్కి మళ్ళీ అదే పేజీ విప్పాడు. కర్తా కాడు, భోక్తా కాడు, రోజంతా ప్రయాణంలో ఉంటూ ఎక్కడికీ పోనివాడు. వేదాంతులు చెప్పే సాక్షిని వెస్ట్‌ల్యాండ్స్‌లో చూస్తానని అనుకోలేదు.

మరి ఎందుకింత నాటకం? ఈ బండ్లలో చాలావాటికి టైమ్ టేబుల్ లేదు, నిండితేనే కదలడం. డ్రైవరూ మకాంగా సాయంత్రానికి ఓనరుకు రోజుకింత అని కట్టాలి. పెట్రోలు పోను మిగిలిందే వాళ్ళ కూలి. ఖాళీ సీటుతో కదిలితే నష్టం ఓనరుకు కాదు, వీళ్ళ జేబుకు. కాబట్టి ‘ఇద్దరే’ అన్నది లెక్క కాదు, కోరిక. కోరికకు సత్యాసత్యాలు అంటవని నా నిర్ణయం. మన ఊళ్ళలో షేరాటో అబ్బాయి ‘ఒక్కరే, ఒక్కరే’ అంటాడు. అతనితో పోలిస్తే ఇతను రెట్టింపు ఉదారుడు.

పాఠాంతరం: చినుకు పడితే ‘హంసీని’ స్థానంలో ‘మియా’, అంటే నూరు, అనే పాఠం కనిపిస్తుంది. ఇక్కడ వానకాలాలు రెండు, మార్చి నుంచి మే దాకా ఒకటి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఒకటి. అంటే ఏడాదిలో సగం నెలలు రెండో పాఠానికి అవకాశముంది. ఏది మూలం, ఏది ప్రక్షిప్తం అని వాదించి లాభం లేదు. టికెట్ ఇవ్వరు గనుక లిఖిత ప్రతి అంటూ దొరకదు.

ఛందస్సు: మొదట్లో ఇది నిరంకుశ కవిత్వమే. 1973లో అధ్యక్షుడు జోమో కెన్యాట్టా మటాటులు ప్రత్యేక లైసెన్సు లేకుండా తిరగవచ్చని అనుమతించాడు. చాలా ఏళ్ళ తర్వాత, 2004లో, రవాణా మంత్రి జాన్ మిచూకీ యతిప్రాసలు బిగించాడు. ఒంటికి పసుపు చార, ప్రతి సీటుకూ బెల్టు, గంటకు 80 కిలోమీటర్లు దాటనివ్వని స్పీడు గవర్నరు. జనం వాటిని ఇప్పటికీ మిచూకీ రూల్స్ అనే అంటారు. వీటిలో పసుపు చార దూరం నుంచే గుర్తుపట్టవచ్చు. బెల్టు మాత్రం ముందు పోలీసు కనబడినప్పుడు అందరూ ఒక్కసారిగా ధరించే ఆభరణం. దాని మీది మురికి చూస్తే తెల్లచొక్కావాళ్ళ మీద జాలేస్తుంది.

అధికారి: ఈ వాక్యాన్ని వినడానికి అర్హుడు చిల్లర గలవాడు. మకాంగ నోట్లను పొడుగ్గా మడిచి వేళ్ళ సందున ఇరికించుకుంటాడు. వెయ్యి నోటు ఇచ్చినవాడికి ‘తర్వాత’ అని కనుబొమలతోనే చెప్పి వెనక సీట్ల వైపు వంగుతాడు. ఎవరికెంత బాకీయో కాగితం మీద పెట్టడు, మరిచిపోడు కూడా. కాని ఆ ‘తర్వాత’ వచ్చేది మనం దిగే స్టేజి దగ్గరే, అప్పటిదాకా ప్రాణం ఆ వేళ్ళ సందునే ఉంటుంది. 2007లో ఎం-పెసా వచ్చాక ఫోనులోంచే ఛార్జీ పంపే దారి దొరికింది గనుక ఈ అర్హత కొంత సడలింది.

తాత్పర్యం: “నగరానికి పోవు జనులారా! యాభై షిల్లింగులకు, ఇద్దరికి మాత్రమే, ఆపైన మరి పన్నెండుగురికి మాత్రమే చోటున్న ఈ రథమెక్కుడు. నిండిన వెంటనే పోవుదము” అని భావం. అలంకారం అతిశయోక్తి. చెప్పేవాడిది వీరం, ఎక్కి కూర్చున్నవాడిది శాంతం. రెంటినీ కలిపి బండి ఒంటి మీద రెండు దెబ్బలు చరిస్తే డ్రైవరు గేరు మారుస్తాడు.

ఫలశ్రుతి: ఈ వ్యాఖ్య చదివినవాళ్ళకు కిటికీ సీటు దొరుకుతుందని హామీ ఇవ్వలేను. ఒక్కటే మనవి. ఛార్జీ ఎంతో ఎక్కకముందే అడగండి, యాభై నోటు చేతిలో పట్టుకోండి, వెయ్యి నోటు ఇంట్లో పెట్టి రండి.