తిన్నన్ని రొయ్యలు, ఇరవై డాలర్లు

2023లో అమెరికాలో రెడ్ లాబ్‌స్టర్ అనే హోటళ్ల కంపెనీ బోర్డు పెట్టింది: ఇరవై డాలర్లివ్వండి, తిన్నన్ని రొయ్యలు తినండి. తిన్నారు. మొహమాటం లేకుండా తిన్నారు. ఆ ఏడాది ఒక్క త్రైమాసికంలోనే 1.1 కోట్ల డాలర్ల నష్టం, 2024 మేలో దివాలా పిటిషన్. అద్దెలు, అప్పులు లాంటి పాపాలు వేరే ఉన్నాయనుకోండి, పేరు మాత్రం రొయ్యకొచ్చింది. కొసరి కొసరి వడ్డించి మనుషుల్ని చంపడం మా గోదావరి జిల్లాల పేటెంటనుకున్నాం. వాళ్లు ఏకంగా కంపెనీనే చంపుకున్నారు.

అక్కడ ధరల్ని అదుపులో పెట్టే ఉద్యోగం ఫెడరల్ రిజర్వ్‌ది. ఏడాదికి రెండు శాతం పెరిగితే చాలని 2012లో గీత గీసుకుంది. గీత దగ్గర నిలిచినంతకాలం ఛైర్మన్లకు దండలు, శాలువాలు. కెన్నెత్ రోగాఫ్ అనే ఆర్థికవేత్త మాత్రం 2003లోనే జాక్సన్ హోల్ సభలో చెప్పాడు, ప్రపంచీకరణ తెచ్చిన పోటీ కూడా ధరల్ని అణుస్తోందని. ఆ పోటీ ఎక్కడ కాపురముంటుందో చూడ్డానికి జాక్సన్ హోల్ దాకా పోనక్కర్లేదు. కైకలూరులో బస్సు దిగి ఏ చెరువుగట్టు ఎక్కినా చాలు.

రాత్రి రెండింటికి కరెంటు పోతుంది. ఏరియేటర్లు ఆగుతాయి. గాలాడక రొయ్య నీటిమీదకి తేలేలోపు రైతు లుంగీ ఎగగట్టి జనరేటర్ దగ్గరికి పరుగెత్తాలి. తెల్లారాక చెక్ ట్రే పైకి లాగి మేత మిగిలిందా, పేగు నిండిందా, ఒంటిమీద తెల్లమచ్చ ఉందా అని కన్నకొడుకును కూడా చూడనంత శ్రద్ధగా చూస్తాడు. ఈ వనామీ రొయ్య మన పిల్ల కాదు, 2009లో అనుమతిస్తే వచ్చింది. తల్లి రొయ్యలు హవాయి నుంచో ఫ్లోరిడా నుంచో విమానంలో దిగుతాయి. సంతానం ఓడలో, మంచుగడ్డై, అమెరికా వెళ్తుంది. పురిటి ఖర్చు, మేత ఖర్చు, రోగాల ఖర్చు మనవి. విందు వాళ్లది.

పట్టుబడి రోజున కొనేవాడి ఫోను మోగుతుంది. వంద కౌంటంటే కిలోకి వంద రొయ్యలు.

"వంద కౌంటు ఎంతండి ఇవాళ?"

"పడిందండి."

"నిన్నే పడింది గదండి?"

"నిన్నటిది నిన్నేనండి. అమెరికాలో గిరాకీ లేదంటున్నారండి."

"మరి మేత రేటో?"

"అది పెరిగిందండి."

మా వైపు జేబు కోసినా చివర 'అండి' పెట్టే కోస్తారు.

అమెరికా ధరల్ని రొయ్య ఒక్కటే దించిందనడం లేదు. చైనా బొమ్మ, బంగ్లాదేశ్ చొక్కా, వియత్నాం జోడు కూడా తలో చెయ్యి వేశాయి. ఓడెక్కగలిగిన సరుకు చవకైంది. ఓడెక్కలేనివి మాత్రం ఆకాశానికెక్కి కూర్చున్నాయి: ఆస్పత్రి బిల్లు, ఇంటద్దె, కాలేజీ ఫీజు. ఆ ఫీజు కట్టేది ఎవరనుకున్నారు? ఏలూరులో కన్సల్టెన్సీ బోర్డు చూసి, కొడుకుని ఎమ్మెస్‌కి పంపిన ఈ చెరువుల ఆసామే. కౌంటు లెక్కన చవగ్గా అమ్మి, క్రెడిట్ల లెక్కన డాలర్లలో కొంటాడు. అబ్బాయి అక్కడ వారాంతం స్నేహితులతో వెళ్లి తిన్నన్ని రొయ్యలు తిని, "చాలా చీప్ నాన్నా" అని ఫోటో పెడతాడు. నాన్న ఆ ఫోటోకి లైకు కొడతాడు.

ఇంత చవగ్గా పెడితే అక్కడ లూసియానాలో రొయ్యలు పట్టే వేటగాళ్లకు కడుపు మండదా? మండింది. 2005లో, మరీ తక్కువకి అమ్ముతున్నామనే నేరానికి యాంటీ డంపింగ్ సుంకం వేశారు. 2024 చివర్లో, మన ప్రభుత్వం మనకి సాయం చేస్తోందని 5.77 శాతం ప్రతిసుంకం. ఆ సాయం ఏ గట్టుమీద దిగిందో చెబితే రైతే వెళ్లి దండేసి వచ్చేవాడు. 2025 ఆగస్టు 27న వీటిపైన 50 శాతం వేశారు. అందులో సగం రష్యా చమురు కొన్న పాపానికట. రొయ్య డీజిల్ తాగదు గానీ దాన్ని బతికించే జనరేటర్ తాగుతుంది, ఆ లంకె వైట్‌హౌస్‌కి దొరికినట్టుంది. పోటీదారు ఈక్వడార్‌కు మాత్రం అప్పుడు 15.

సుంకం కట్టేది అక్కడి దిగుమతిదారే, పుస్తకంలో. రేటు తెగింది మాత్రం ఆకివీడులో, సరుకు ఓడెక్కకముందే. అమెరికాలో ధర పెరగడానికి నెలలు పడుతుంది, ఇక్కడ పడటానికి ఒక వాట్సాప్ మెసేజ్ చాలు. ఆ నవంబరులో అక్కడి గృహిణులు సంత ఖర్చు మీద గొణిగితే కాఫీ, అరటిపండు, గొడ్డుమాంసం మీద సుంకం ఎత్తేశారు. జాబితాలో రొయ్య లేదు.

ట్రంపును తిట్టడం అయ్యాక, చేతులు కడుక్కుని తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్‌కి పోదాం. కర్నూలు లారీ దిగే చోట మనమే అమెరికా. 2023లో ఉల్లి ధర నగరాల్లో కంట నీరు పెట్టించగానే ఢిల్లీ ఆగస్టులో 40 శాతం ఎగుమతి సుంకం వేసింది, చాలక డిసెంబరు 8న ఎగుమతే ఆపేసింది. తినేవాడి కన్నీరు తుడవడానికి పండించేవాడి తువ్వాలు లాక్కున్నారు. 2025 సెప్టెంబరులో అదే ఉల్లి ధర కర్నూలులో కుప్పకూలితే, రాష్ట్ర ప్రభుత్వం క్వింటాలు 1,200 రూపాయలకి కొంటానంది. కిలో పన్నెండు. ఢిల్లీ నుంచి ఈసారి ఉరుకులూ లేవు, పరుగులూ లేవు.

అన్నట్టు ఆ ఎగుమతి నిషేధం ఎత్తేసింది 2024 మే 4న, లోక్‌సభ ఎన్నికల మధ్యలో, నాసిక్ ఉల్లి రైతులు ఇంకా ఓటెయ్యకముందు. కొల్లేటి రొయ్య రైతుకీ ఓటుంది. కాకపోతే అది ఒహాయోలో చెల్లదు.