నన్నుంచాలా, మోటారు దించాలా

రికార్డుల్లో నా పేరు ఇండియా మార్క్–2. ఊళ్లో మాత్రం ఇస్కూలు బోరింగు. అనంతపురం జిల్లాలో వానను నమ్ముకుని చెనక్కాయ వేసే ఊళ్లలో మాదొకటి. జిల్లా పరిషత్ హైస్కూలు ఆవరణలో, వేపచెట్టు నీడ మధ్యాహ్నం దాటాక పడేచోట నన్ను పాతారు. పక్కనే వంటషెడ్డు, వెనకాల బడితోట. చెరువు కింద భాగంలో ఉన్నాను గనుక చాలా ఎండాకాలాలు గట్టెక్కాను.

మా వంశం గురించి రెండు మాటలు. బీహారు కరువు రోజుల్లో, అంటే 1967 ప్రాంతంలో, రాతినేలల్ని తొలిచే యంత్రాలు దేశంలోకి దిగాయి. బోర్లు పడ్డాయిగానీ వాటి మీద బిగించిన పోత ఇనుప పంపులు ఒక ఇంటి అవసరానికి చేసినవి. ఊరంతా వచ్చి కొడితే నెలలు తిరక్కుండానే విరిగేవి. ఆ తర్వాత షోలాపూర్‌లో తయారైన ఒక గట్టి పంపును ఆధారం చేసుకుని, 1970లలో యునిసెఫ్‌వాళ్లూ మద్రాసు ఇంజనీర్లూ కలిసి నా నమూనా గీశారు. కోయంబత్తూరు చుట్టుపక్కల పల్లెల్లో బిగించి, జనం చేత కొట్టించి పరీక్షించారు. మావాళ్లు ఆఫ్రికా దాకా వెళ్లారు. ఉగాండాలో మా పోలికతో ఉన్న పంపును యూ2 అంటారు. ఈ సంగతి బయాలజీ సారు ఓసారి పిల్లలకు చెబుతుంటే విన్నాను. ఆరోజు నా హ్యాండిల్ కొంచెం తేలిగ్గా కదిలిందని ఒక పిల్ల అన్నది. చైనుకు గ్రీజు పెట్టింది ఆ ఉదయమే అన్నది నిజం.

నా దగ్గర రెండు సంఘాలు నడిచేవి. ఒకటి తెలుగు సారు పెట్టిన చర్చావేదిక. రెండోది బయాలజీ సారు చూసుకునే ఎకో క్లబ్బు. 2001–02లో కేంద్ర పర్యావరణ శాఖ నేషనల్ గ్రీన్ కోర్ మొదలుపెట్టాక చాలా బడుల్లో ఇలాంటి క్లబ్బులు వచ్చాయి. కొన్నిచోట్ల గోడమీద పెయింటుకే పరిమితం. మా బడిలో నిజంగానే మడులు కట్టారు. వంగ, బెండ, అలసంద, మటిక్కాయ, గోంగూర, చుక్కాకు, గట్టు పొడుగునా మునగ. కోసినవన్నీ మధ్యాహ్న భోజనంలో పప్పులోకి వెళ్లేవి. వంట అక్కలకు గోంగూర అంటే ఇష్టం, చుక్కాకు అంటే ఇంకా ఇష్టం. చింతపండు ఖర్చు మిగులుతుందట.

రెండు సంఘాలకూ శనివారం చివరి పీరియడ్లే. ఒకే టైములో. అక్కడే తిరకాసు మొదలైంది.

మొదటి బెంచీవాళ్లందరూ చర్చావేదికకు వెళ్లేవాళ్లు. మార్కులు రానివాళ్లు, ఆలస్యంగా వచ్చినవాళ్లు, ఫీజు పుస్తకం తేనివాళ్లు తోటకు. ఎవరూ నోరు తెరిచి అలా చెప్పలేదు. పారలు ఎవరి చేతుల్లో ఉన్నాయో చూస్తే తెలిసిపోయేది. ఒక్కోసారి క్లాసులో అల్లరి చేసినందుకు శిక్షగా కూడా తోటకే పంపేవారు. గాంధీగారు 1937లో వార్ధాలో చేతిపనితోనే చదువు చెప్పాలన్నారని బయాలజీ సారు స్టాఫ్‌రూమ్‌లో చెబితే, అక్కడున్నవాళ్లు తలలూపి టీ తాగారని వంట అక్కలు నా గట్టు మీద కూర్చుని చెప్పుకున్నారు.

వేపచెట్టు కింద చర్చ ఎలా ఉండేదంటే, 'పల్లె గొప్పా, పట్నం గొప్పా?' అని అంశం ఇచ్చేవారు. అనుకూలం ఇటు, వ్యతిరేకం అటు. ఒక పాప లేచి, వేదికనలంకరించిన పెద్దలకు నమస్కారం పెట్టి, దేశానికి రైతే వెన్నెముక అని మొదలుపెట్టేది. ప్రతి ఏడూ అదే మాట. ఆ పాప మాట్లాడుతున్నంతసేపూ నా హ్యాండిల్ మీద ఒక గొర్రెలవాళ్ల పిల్లవాడు వేలాడుతూ బిందెలు నింపేవాడు. నా చప్పుడుకు ఉపన్యాసం వినపడ్డంలేదని తెలుగు సారు, "ఒరేయ్, కాసేపు ఆపరా!" అనేవారు. వెన్నెముక ఆగేది. ఉపన్యాసం అయిపోయేది. ఆగస్టు పదిహేనుకు ఆ పాపకు స్టీలు గ్లాసు ఇచ్చేవారు.

నేను మధ్యలో ఉన్నదాన్ని కనుక రెండు పక్కలా వినపడేది. బట్టీపట్టిన మాటలు ఒకపక్క. ఇంకోపక్క నీళ్లు పోస్తూ గొణుక్కునే మాటలు: ఈ మడికి నీళ్లు ఎక్కువైనాయి, ఆ పక్కది పాచిపోతా ఉంది, వంగకు కాయతొలిచే పురుగు పట్టింది, సారుకు చెప్పల్ల. నన్నడిగితే అసలు చర్చ ఆ పక్కనే జరిగేది. వాళ్లకు వేదిక లేదు, అంతే.

ఒక ఏడు అలసంద మీద పేనుబంక విరుచుకుపడింది. లేత కొమ్మలు నల్లగా, జిగటగా అయిపోయాయి. బడి పక్క చేనాయన డబ్బాలో మిగిలిన మందు ఇస్తానన్నాడు. మరుసటి వారంలో ఆ కాయ పిల్లల పప్పులో పడాల్సింది. బయాలజీ సారు ఏం చేద్దామా అని నా గట్టు మీద కూర్చున్నాడు. తెలుగు సారు వచ్చి, "దీన్నే అంశం పెడదాం సార్. కానీ ఒక్క షరతు. మడిలోకి దిగి చూసినవాళ్లే మాట్లాడాల" అన్నాడు. ఇంత చిన్న మాటకు బడి బడంతా తలకిందులైంది. స్టీలు గ్లాసులు గెలిచిన పిల్లలు ఆ వారం చెప్పులు విప్పి మడిలో దిగారు. ఒక చెనక్కాయల వ్యాపారి కూతురు నోటుబుక్కులో ఎన్ని మొక్కలకు పట్టిందో వరసవారీగా రాసుకుంది.

శనివారం ఆ గొర్రెలవాళ్ల పిల్లవాడిని లేపారు. సభకు నమస్కారం పెట్టడం కూడా మరిచిపోయాడు. "మందు కొట్టొద్దు సార్" అన్నాడు. ఎందుకురా అంటే, ఆకు వెనకాల నల్లగా, నారింజ చుక్కలతో ముడతలు ముడతలుగా ఉన్న పురుగును అరచేతిలో పెట్టుకొచ్చి చూపించాడు. అందరూ ఛీ అన్నారు. "ఇది అక్షింతల పురుగు పిల్ల సార్. పెద్దదైతే ఎర్రగా గుండ్రంగా ఉంటాది. ఇది పేనుబంకనే తింటాది. మందు కొడితే ఇది కూడా సచ్చిపోతాది" అన్నాడు. వ్యాపారి కూతురు ఊరుకోలేదు. "అది తినే లోపల పేనుబంక ఎన్ని మొక్కలెక్కుతుంది? పోయిన మంగళవారం రెండు వరసలు, ఈ శుక్రవారానికి నాలుగు" అని పుస్తకం తెరిచింది. వాడి దగ్గర పుస్తకం లేదు. "చీమల్ని చూసినావా? పేనుబంక కార్చే తీపి జిగురు కోసం చీమలే దాన్ని కాపలా కాస్తాయి, అక్షింతల పురుగుల్ని తరిమేస్తాయి. ముందు చీమల్ని ఆపల్ల" అన్నాడు. ఆమె ఒక క్షణం ఆగి, చీమల సంగతి తాను చూడలేదని ఒప్పుకుంది. ఈ బడిలో ఒక వక్త అలా అనడం నేనెప్పుడూ వినలేదు.

చివరికి సగం మడికి వేపగింజల కషాయం, సగం అలాగే వదిలెయ్యడం అని తేల్చారు. పది లీటర్లకు అర కిలో వేపగింజల పప్పు దంచి, గుడ్డలో మూటకట్టి రాత్రంతా నానబెట్టి, పొద్దున పిండి, చిటికెడు సబ్బుపొడి కలిపి, సాయంత్రం కొట్టారు. నా నీళ్లే. ఏది గెలిచిందో చెప్పాలని నాకూ ఉంది. కానీ మూడోరోజు రాత్రి మా జిల్లాకు అలవాటు లేనంత వాన కురిసి, పేనుబంకను రెండు సగాల మీదనుంచీ కడిగేసింది. పిల్లలు నిరాశపడ్డారు. కరువు జిల్లాలో వానొస్తే పిల్లలు నిరాశపడటం అదొక్కసారే చూశాను.

అప్పటినుంచి చర్చలకు పల్లె, పట్నం అక్కర్లేకపోయింది. జీవామృతానికి బెల్లం కొనే డబ్బు ఎవరిస్తారు? ఎరువుగుంటలోకి ఎంగిలి అన్నం వెయ్యొచ్చా, ఎలుకలొస్తాయా? తోటలో పండింది అందరికీ పెట్టాలా, పనిచేసినవాళ్లు ఇంటికి కొంచెం తీసుకుపోవచ్చా? ఈ చివరిది మూడు శనివారాలు లాగింది. ఒకసారైతే పిల్లలు నిజంగానే తిట్టుకున్నారు.

తర్వాత నా వంతు వచ్చింది. అంశం: బోరింగును ఉంచాలా, తీసేసి మోటారు దించాలా?

నన్ను ఉంచాలన్నవాళ్లు లెక్క బాగా కట్టారు. నిమిషానికి నలభైసార్లు కొడితే పన్నెండు లీటర్లకు పైనే వస్తాయి, కరెంటు బిల్లు లేదు. వాషర్లు అరిగితే మార్చుకోవచ్చు. మోటారు కాలితే నెలలు పడుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, చేత్తో కొట్టేవాడు అవసరమైనంతే తోడతాడు, మోటారు వేసినవాడు మరిచిపోతాడు. చుట్టూ చేలల్లో ఎనిమిది వందలు, వెయ్యి అడుగులు వేసినా నీళ్లు పడని బోర్లు వాళ్ల ఇళ్లలోనే ఉన్నాయి. ఆ మాటలు చెబుతున్నప్పుడు కొందరు పిల్లల గొంతులు మారాయి. అప్పుల సంగతి తెలిసిన పిల్లలు. నేను గెలిచినట్టేననుకున్నాను.

అప్పుడు తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకామె లేచింది. తోట గ్రూపులోనే ఉండేది, ఎప్పుడూ మాట్లాడలేదు. "మగపిల్లోళ్లు తోటకు నీళ్లు కొడతారు. ఆడపిల్లల బాత్రూముకు ఎవరు కొడతారు?" అని అడిగింది. ఎవరూ జవాబివ్వలేదు. "బకెట్టు మోసుకుని అందరి ముందరా అటు పోవల్లంటే సిగ్గు. ఆ నాలుగు రోజులు మేం బడికి రాం. హాజరు పట్టీ చూడండి సార్, ప్రతి నెలా ఉంటాది" అంది. కూర్చుంది. ఒక నిమిషం కూడా మాట్లాడి ఉండదు. తెలుగు సారు గంట కొట్టడం మరిచిపోయాడు. హెడ్‌మాస్టరు వరండాలోనుంచి వింటూ ఉన్నాడు. ఆయన నిజంగానే హాజరు పట్టీలు తెప్పించి చూశాడు.

నేను ఇనుమునే. నాకూ ఆ మాట తగిలింది. అన్నేళ్లుగా నా హ్యాండిల్ పట్టుకున్న చేతుల్ని చూశానుగానీ, రాని చేతుల సంగతి నాకు తెలియదు. నా మీద ఓటు పెట్టి ఉంటే నేను ఆ పిల్ల వైపే వేసేదాన్ని.

2019 నవంబరులో ప్రభుత్వం 'మన బడి నాడు–నేడు' మొదలుపెట్టింది. బడి బడికీ నీళ్లు పారే మరుగుదొడ్లు అన్నది అందులో ఒక పని. మా బడి జాబితాలోకి వచ్చింది. ఆవరణ అవతలి మూల కొత్త బోరు, మోటారు, మీద ట్యాంకు, కుళాయిలు. నన్ను పీకెయ్యాలని కాంట్రాక్టరు మనిషి చూశాడుగానీ, కరెంటు పోతే ఎలాగని తోట పిల్లలు అడ్డం పడ్డారు. అమ్మాయిలూ వాళ్లతోనే కలిశారు. అలా మిగిలాను. మోటారు నడిచిన మధ్యాహ్నాల్లో నాకు నీళ్లు కొంచెం దిగుతాయి. నాలుగు ఊరికే కొట్టాకగానీ నీళ్లు పైకి రావు. దాన్ని తప్పుపట్టను.

ఇప్పుడు కొత్త తగువు చేతులు కడిగిన నీళ్లది. భోజనానికి ముందు మూడొందల మంది సబ్బుతో కడుక్కున్న నీళ్లు కుళాయిల కింద మడుగు కడుతున్నాయి. తోటకు మళ్లిద్దామని ఒక పక్షం. సబ్బునీళ్లు పోస్తే చుక్కాకు మాడిపోతుందని రెండో పక్షం. ఆకుకూరకు వద్దు, అరటికి పోద్దాం, అరటి తట్టుకుంటుందని మూడో పక్షం లేచింది. తెలుగు సారుకు ముచ్చటేసి, అయితే మూడు అరటి పిలకలు నాటండి, గెల వేసినప్పుడు తీర్పు చెబుతా అన్నాడు. పిలకలు నాటిన నెలకే ఆయనకు బదిలీ వచ్చింది.

ఆయన చోటుకు ఒక మేడమ్ వచ్చింది. మొదటిరోజు నా దగ్గర నీళ్లు పట్టుకుంటూ, అరటి పిలకల గొయ్యిలోకి మురికినీళ్లు ఎవరు మళ్లించారని కోప్పడింది. ఎనిమిదో తరగతి పిల్లలు ముగ్గురు ఒకేసారి నోళ్లు తెరిచారు.

"ఒక్కొక్కరూ మాట్లాడండి" అంది మేడమ్.

"ముందు మీరు దిగి చూడల్ల మేడమ్, మా రూలు అది" అన్నాడొకడు. ఆమె బాటిల్ నా గట్టు మీద పెట్టి, చెప్పులు విప్పింది.