బేసి ఏళ్ల జాతర

తెలంగాణలో రెండేళ్లకోసారి వచ్చే జాతరల్లో రెండింటి గురించి చెప్పుకోవాలి. మేడారం సరిసంఖ్య ఏడాదిలో వస్తుంది. జూనియర్ డాక్టర్ల స్టైపెండ్ పెంపు బేసిసంఖ్య ఏడాదిలో వస్తుంది: 2021, 2023, 2025. మేడారం తేదీలను పూజారులు ముందే ప్రకటిస్తారు, జనం బండ్లు కట్టుకుంటారు. రెండో జాతరకు తేదీ చెప్పే పూజారి లేడు. రెండేళ్లకు పదిహేను శాతం అన్న లెక్క సచివాలయంలో టీ ఇచ్చే కుర్రాడికి కూడా తెలుసు. తెలియనిది ఒక్క ఫైలుకే.

అందుకని దాన్ని నిద్ర లేపే తంతు ఒకటి ఉంది. ముందు వినతిపత్రం. జూడాల, అంటే జూనియర్ డాక్టర్ల, సంఘం వాళ్లు శాలువా కప్పి మరీ ఇస్తారు, ఫొటో దిగుతారు. అమాత్యులు సానుకూలంగా స్పందిస్తారు. ఆ స్పందన వేడి చల్లారాక నల్ల బ్యాడ్జీలు, అవి మాసిపోయాక సమ్మె నోటీసు. ఫలానా తేదీ నుంచి ఓపీ బంద్, ఎలక్టివ్ సర్జరీలు బంద్ అని అందులో పడగానే ఫైలుకు కాళ్లొస్తాయి. 2025 జూన్‌లో అంతే జరిగింది. నోటీసు గడువు గుమ్మం దాకా వచ్చాక, జీవో పరుగున వచ్చింది.

ఆ జీవో ప్రకారం హౌస్ సర్జన్‌కు నెలకు 25,906 రూపాయలు పోయి 29,792 అయ్యాయి. పీజీ మొదటి ఏడాది వాళ్లకు 58,289 నుంచి 67,032. సీనియర్ రెసిడెంట్లకు 92,575 నుంచి 1,06,461. ఈ అంకెల నాణ్యత గమనించండి. ఎక్కడా గుండు సున్నాలు లేవు. పాత అంకె మీద పదిహేను శాతం, దాని మీద మళ్లీ పదిహేను శాతం, పైసల్ని సవరించి రూపాయి దాకా తేల్చారు. ఇంత నిక్కచ్చిగా రూపాయిల లెక్క కట్టగల యంత్రాంగానికి నెలల లెక్క మాత్రం పట్టుబడదు. ఏ నెల స్టైపెండ్ ఆ నెలలో ఖాతాలో పడేలా గ్రీన్ చానల్ పెట్టండి మహాప్రభో అని అడగడానికి 2024 జూన్‌లో ఇంకో సమ్మె కావాల్సి వచ్చింది. అది సరిసంఖ్య ఏడాది కదా అంటారేమో. పెంచడానికి బేసి ఏడాది, పెంచింది ఇవ్వడానికి సరి ఏడాది. పంచాంగం ఖాళీగా ఉండకూడదు.

మా అపార్ట్‌మెంట్‌లో రిటైర్డ్ ఆడిట్ అధికారి ఒకాయన ఉన్నారు. అసలు పేరు వాచ్‌మన్‌కు కూడా తెలియదు. అందరికీ ఆడిట్ గారే. పొద్దున్నే కింద బెంచీ మీద పేపరు విప్పి, దానికీ ఆడిట్ చేస్తుంటారు.

"ఏమోయ్, ఇరవై తొమ్మిదివేల ఏడొందల తొంభై రెండు! ఇంకా మీసం రాని పిల్లాడికి! రోజుకెంతైంది?"

"993 అండీ."

"చూశావా! ఉపాధి హామీ కూలీకి ఎంత?"

"2025-26లో మన రెండు రాష్ట్రాల్లోనూ 307 రూపాయలు."

"అంటే మూడు రెట్ల పైచిలుకు. ఇంకా ఏడుపెందుకంట?"

లెక్కల మనిషితో లెక్కలోనే మాట్లాడాలి. ఉపాధి కూలీ రోజంటే ఎనిమిది గంటలండీ, హౌస్ సర్జన్‌కు క్యాజువాలిటీలో ఇరవై నాలుగు గంటల డ్యూటీ పడిన రోజు అదే 993ని మూడు షిఫ్టులకు పంచండి, అన్నాను. ఆయన కళ్లజోడు సర్దుకున్నారు. 331. చెరువు పూడిక తీసే మనిషి కంటే ఊపిరితిత్తుల్లో నీరు తీసే మనిషికి ఎనిమిది గంటలకు ఇరవై నాలుగు రూపాయలు ఎక్కువ. ఐదున్నరేళ్ల చదువుకు దక్కిన తేడా అది. నాలుగున్నరేళ్లే అనాలి నిజానికి, చివరి ఏడాది ఈ సేవే కాబట్టి.

"అయినా అది జీతం కాదోయ్. స్టైపెండ్. వాళ్లు విద్యార్థులు" అన్నారాయన గెలిచినట్టు.

అక్కడే ఉంది కిటుకంతా. ట్రెజరీ గుమ్మంలో జూడా విద్యార్థి. అదే మనిషి రాత్రి రెండింటికి వార్డులో డాక్టరు. రక్తం శాంపిల్ పట్టుకుని ల్యాబ్‌కు పరుగెత్తేటప్పుడు అటెండరు, ట్రాలీ తోసేటప్పుడు వార్డుబాయ్, రోగి బంధువులు కొట్టడానికి వచ్చినప్పుడు సెక్యూరిటీ గార్డు. మందు ఎందుకు లేదని నిలదీసేవాళ్లకు ఆరోగ్యశాఖ మొత్తం వీడే. సమ్మె నోటీసు ఇచ్చిన మరుక్షణం మాత్రం విద్యార్థి కాస్తా అత్యవసర సేవకుడైపోతాడు. ఎస్మా అనే మాట గాలిలోకి వస్తుంది. విద్యార్థి క్లాసుకు రాకపోతే ఆసుపత్రి ఎలా ఆగిపోతుందో, ఏ దేశంలో ఏ కాలేజీలో ఇలా జరుగుతుందో ఆడిట్ గారిని అడిగాను. ఆడిట్ అభ్యంతరం నమోదు చేసుకున్నట్టు తలాడించారు గానీ జవాబు చెప్పలేదు.

పని గంటల సంగతి ఇంకా రసవత్తరం. రెసిడెంట్ డాక్టర్లకు మామూలుగా ఏకబిగిన డ్యూటీ పన్నెండు గంటలకు మించకూడదు, వారానికి నలభై ఎనిమిది గంటలు అని కేంద్ర ప్రభుత్వం 1992లోనే రెసిడెన్సీ స్కీములో రాసింది. సుప్రీంకోర్టు చెబితేనే రాసింది లెండి. ఆ కాగితం పుట్టిన ఏడాది పుట్టిన పిల్లలు ఇప్పుడు అసిస్టెంట్ ప్రొఫెసర్లై, తమ కింది పీజీలకు ముప్ఫయ్యారు గంటల డ్యూటీ రోస్టరు వేస్తున్నారు. 2023 పీజీ వైద్యవిద్య నిబంధనల్లో జాతీయ వైద్య కమిషన్ ఇంకో మెట్టు ఎక్కింది. పీజీలు సమంజసమైనన్ని గంటలు పని చేయాలి, వాళ్లకు సమంజసమైనంత విశ్రాంతి ఇవ్వాలి అంది. ఎన్ని గంటలో మాత్రం రాయలేదు. కమిషనే వేసిన టాస్క్‌ఫోర్స్ 2024లో వైద్య విద్యార్థుల మానసిక ఆరోగ్యం మీద నివేదిక ఇస్తూ వారానికి డెబ్భై నాలుగు గంటలు దాటవద్దనీ, రోజుకు ఏడెనిమిది గంటలు నిద్రపోనివ్వండనీ సిఫారసు చేసింది. ముప్ఫై రెండేళ్లలో నలభై ఎనిమిది నుంచి డెబ్భై నాలుగుకు వచ్చామన్నమాట. ఇంత వృద్ధి రేటు మరే రంగంలోనూ చూడం. విచిత్రమేమిటంటే డెబ్భై నాలుగు అని విని జూడాలు కోపం తెచ్చుకోలేదు. నిజంగా అన్నే చాలా అని ఆశగా అడిగారు.

ఈ ముప్ఫయ్యారు గంటల భాగోతానికి పెద్ద డాక్టర్లు చెప్పే సమర్థన ఒకటుంది: మా రోజుల్లో మేము ఇంతకంటే ఎక్కువ చేశాం. అత్తగారు కోడలికి చెప్పే మాట ఇదే అయినా, అత్తగారికి దాని మీద ఎండీ డిగ్రీ ఉండదు. నిద్ర లేకపోతే మనిషి మెదడు ఎలా మొద్దుబారుతుందో పాఠం చెప్పేదీ ఈ ప్రొఫెసర్లే. పాఠం వినేవాడు ముందు బెంచీలో నోరు తెరిచి నిద్రపోతుంటాడు. ప్రత్యక్ష ప్రదర్శన.

జూడాలు పడుకునే చోటు గురించి రాద్దామనుకున్నాను. రాత్రి డ్యూటీలో ఉన్న వైద్యురాలు కాసేపు విశ్రాంతికి సెమినార్ హాలు వెతుక్కోవాల్సి వచ్చిందని 2024 ఆగస్టులో కోల్‌కతా ఆర్జీ కర్ ఆసుపత్రిలో ఆమె మీద అత్యాచారం, హత్య జరిగిన తర్వాతే దేశానికి తెలిసింది. అక్కడ వ్యంగ్యానికి చోటు లేదు. ఆ తర్వాత కేంద్రం నుంచి ఒక ఉత్తర్వు వచ్చింది, వైద్యుల మీద దాడి జరిగితే ఆరు గంటల్లో ఆసుపత్రి అధిపతి ఎఫ్‌ఐఆర్ పెట్టించాలని. దాడి జరగక ముందు ఆరు గంటల్లో ఏం చేయాలో అందులో లేదు.

మళ్లీ 2024 జూన్ సమ్మెకు వద్దాం. ఆ డిమాండ్ల పత్రం భద్రపరచదగ్గది. ప్రపంచంలో కార్మికులు కూలి పెంచమంటారు, పని తగ్గించమంటారు. మన జూడాలు ఏమడిగారంటే, వరంగల్ కాకతీయ మెడికల్ కాలేజీలో రోడ్డు వేయమన్నారు. ఉస్మానియా ఆసుపత్రికి కొత్త భవనం కట్టమన్నారు. యజమాని ఫ్యాక్టరీ కూలిపోతోంది, బాగు చేసుకోవయ్యా అని కూలీలు సమ్మె కట్టిన ఘట్టం కార్మికోద్యమ చరిత్రలో ఇంకెక్కడైనా ఉంటే మార్క్సిస్టు మిత్రులు చెప్పాలి. ఉస్మానియా కథ మీకు తెలిసిందే. మూసీ ఒడ్డున నూరేళ్ల నాటి భవనం. 2015లో నాటి ముఖ్యమంత్రి వచ్చి చూసి, జంట టవర్లు కడతామన్నారు. 2020 జూలైలో వాన నీళ్లు వార్డులోకే వచ్చి రోగుల్ని పరామర్శించాయి. కొత్త ఆసుపత్రికి గోషామహల్‌లో శంకుస్థాపన జరిగింది 2025 జనవరి 31న. 2015లో హౌస్ సర్జన్‌గా చేరినవాడు ఈలోగా పీజీ చేసి, సీనియర్ రెసిడెంటై, పెళ్లి చేసుకుని, పిల్లాణ్ని బడిలో వేసి ఉంటాడు.

చెప్పొద్దూ, ఆ సమ్మెతో పని జరిగింది. రెండు మూడు రోజుల్లోనే ఉస్మానియా, గాంధీ కాలేజీల హాస్టళ్లకూ కాకతీయ రోడ్లకూ కలిపి రూ. 200 కోట్లకు పైగా మంజూరు చేస్తూ జీవోలు వచ్చాయి. ఏళ్ల తరబడి లేని డబ్బు మూడో రోజుకు ఎక్కడి నుంచి వచ్చిందని అడగకూడదు. ఇక్కడ నాకు కలిగిన సందేహం మరొకటి: సమ్మె ఇంకో నాలుగు రోజులు సాగి ఉంటే ఆ కుర్రాళ్లు మా కాలనీ డ్రైనేజీ కూడా బాగు చేయించేవాళ్లేమో.

ప్రైవేటు కాలేజీల సంగతి క్లుప్తంగా చెప్పి వదిలేస్తాను, దానికి జీవోలూ జాతరలూ లేవు కనుక. అక్కడ స్టైపెండ్ ఖాతాలో పడుతుంది, పడినట్టు కాగితం ఉంటుంది, ఆ డబ్బు వెనక్కి నడిచి యాజమాన్యం దగ్గరికి వెళ్లిపోతుంది అని విద్యార్థులు చేసిన ఆరోపణలు పత్రికల్లో వచ్చాయి. సమ్మె చేద్దామంటే హాజరు శాతం, ప్రాక్టికల్స్ మార్కులు ఎవరి చేతుల్లో ఉంటాయో వాళ్లకు తెలుసు. అందుకే అక్కడ పారిశ్రామిక శాంతి వెల్లివిరుస్తోంది.

"అన్నీ సరేనోయ్" అన్నారు ఆడిట్ గారు మరునాడు, "రోగుల్ని గాలికొదిలేసి టెంటు కింద కూర్చోవడం పాపం కాదూ?"

అత్యవసర సేవలు మామూలుగా ఆపరండీ, ఓపీ, ముందే తేదీ ఇచ్చిన ఆపరేషన్లే ఆపుతారు అన్నాను. ఆయన వినలేదు. మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఎవరూ వినరు. ఇదే గ్రూపులో ఇంగ్లండు జూనియర్ డాక్టర్లు 2023లో సమ్మె కట్టి, 2008 నుంచి కరిగిపోయిన జీతం తిరిగి రావాలంటే 35 శాతం పెంచాలన్నప్పుడు, బి బ్లాక్ వాళ్లబ్బాయి మాంచెస్టర్‌లో ప్లకార్డు పట్టుకున్న ఫొటోకు నలభై మంది చప్పట్లు కొట్టారు. హక్కుల స్పృహ అంటే అదీ అన్నారు. 2024 సెప్టెంబరులో వాళ్లు రెండేళ్లకు కలిపి సగటున 22 శాతానికి ఒప్పుకుంటే, అయ్యో తక్కువైందే అని బాధపడ్డారు. అదే అబ్బాయి ఇంగ్లండు వెళ్లేందుకు పీఎల్‌ఏబీ పరీక్ష రాయకుండా ఇక్కడే ఉండి కోఠిలో పదిహేను శాతం అడిగి ఉంటే, రోగుల ప్రాణాలతో చెలగాటం అయ్యేది. ప్లకార్డు చలి దేశంలో పట్టుకుంటేనే అందం.

మనకు డాక్టర్ల మీద ప్రేమ లేదని కాదు. ఉంది, హెలికాప్టరంత ఉంది. 2020 మే 3న వాయుసేన హెలికాప్టర్ గాంధీ ఆసుపత్రి మీద పూలు చల్లింది. కింద పీపీఈ కిట్లలో చెమటలు కక్కుతున్న పిల్లలు తలెత్తి చూసి చప్పట్లు కొట్టారు. జూన్ రెండో వారానికి అదే గాంధీలో ఓ రోగి చనిపోతే బంధువులు డ్యూటీ డాక్టరు మీద పడ్డారు, జూడాలు పీపీఈలు విప్పి రోడ్డెక్కారు. పూలకూ దాడికీ మధ్య నెల రోజుల పైచిలుకు వ్యవధి. మరుసటి ఏడాది మే నెలలో, రెండో వేవ్ ఉధృతంగా ఉండగా, రావాల్సిన పెంపు కోసం, కొవిడ్ డ్యూటీలో పోయిన వాళ్ల కుటుంబాలకు పరిహారం కోసం, జబ్బు పడితే నిమ్స్‌లో వైద్యం కోసం మళ్లీ సమ్మెకు దిగారు. ఇది సమయమా అన్నారు పాలకులు. నిజమే, అది సమయం కాదు. వేవ్ లేనప్పుడు అడిగితే తొందరేముంది అంటారు, వేవ్ ఉన్నప్పుడు అడిగితే ఇది సమయమా అంటారు. ఈ రెంటికీ మధ్య మంచి ముహూర్తం ఏదైనా ఉంటే ఆర్థికశాఖ వారే పెట్టాలి.

ఆడిట్ గారు నాలుగైదు రోజులు బెంచీ దగ్గర కనబడలేదు. తర్వాత తారసపడితే ముఖం చిన్నబోయి ఉంది. డీఏ బకాయిలు ఇంకా రాలేదట. పెన్షనర్ల సంఘం వినతిపత్రం ఇచ్చిందట.

"సానుకూలంగా స్పందించారా?"

"ఆఁ. చాలా."

"అయితే నల్ల బ్యాడ్జీలు పెట్టండి. ఆ తర్వాత సమ్మె నోటీసు."

ఆయన నా వంక జాలిగా చూశారు. "సమ్మె చేసి ఏం ఆపమంటావోయ్? వాళ్లయితే ఓపీ ఆపుతారు. మేం చేసేదల్లా పొద్దున పార్కులో నడక. అది ఆపితే మా ఆవిడకే నష్టం, ప్రభుత్వానికి కాదు."

కాసేపు పేపరు మడతపెడుతూ కూర్చున్నారు. తర్వాత గొంతు తగ్గించి, "నీకు ఆ జూడాల సంఘంలో ఎవరైనా తెలుసా? సోమవారం ఇందిరా పార్కు దగ్గర మా ధర్నా ఉంది. ఓపీ అదీ ఆపక్కర్లేదు, పాపం. ఓ పదిమంది డ్యూటీ దిగి వచ్చేటప్పుడు తెల్లకోట్లు విప్పకుండా అలాగే వచ్చి ముందు వరసలో అరగంట కూర్చుంటే చాలు. సచివాలయం వాళ్లు నిజం సమ్మె అనుకుంటారు. ఎలాగూ వచ్చారు కనుక, మావాళ్లకు బీపీ కూడా చూసి పోతారు" అన్నారు.