తొలితరం దరువు

శనివారం సాయంత్రం బీజాపూర్ రోడ్డు మీద పోయేవాళ్లకు తెలుసు, అప్పా జంక్షన్ దాటింది మొదలు చేవెళ్ల దాకా ఎటు చూసినా ఏదో ఒక ఫంక్షన్. నిజాం కాలం నాటి మర్రిచెట్ల సందుల్లోంచి సీరియల్ లైట్లు మెరుస్తుంటాయి. గండిపేట, హిమాయత్‌సాగర్ నీళ్లు పాడుకావద్దని 1996లో 111 జీవో తెచ్చి 84 ఊళ్లలో పెద్ద కట్టడాలు వద్దన్నారు గానీ, మొయినాబాద్ చుట్టూ ఫామ్‌హౌసులకు, రిసార్టులకు కొదవ లేదు. పెండ్లయినా, పుట్టినరోజయినా, కంపెనీ దావత్ అయినా ఇక్కడ ఏదో ఒక లాన్ దొరుకుతుంది.

మొన్న డిసెంబరులో అట్లాంటి ఒక లాన్‌లో జరిగింది మాత్రం దావత్ కాదు, సంస్మరణ సభ. రాక్ అండ్ రోల్ తొలితరానికి నివాళి. పెట్టించింది మా దోస్తు. ఇంజనీరింగ్ అయిపోగానే చిలుకూరు బాలాజీకి 11 ప్రదక్షిణలు చేసి, వీసా వచ్చినంక 108 తీర్చుకుని అమెరికా పోయినవాడు. మెంఫిస్‌లో ఉద్యోగం. ఆ ఊళ్లోని సన్ స్టూడియో అనే చిన్న గదిని చూసొచ్చిన రోజు నుంచి వానికి ఆ పాటలే లోకం. పోయినేడు తిరిగొచ్చి చేవెళ్ల దగ్గర ఇల్లు కట్టుకున్నాడు. “ఆ తరంలో ఇక ఎవరూ మిగల్లేదురా. మనూరి నుంచి ఒక దండమన్నా పెట్టాలె” అని పిలిస్తే పోయాను.

స్టేజీ మీద వరసగా ఫొటోలు పెట్టి బంతిపూల దండలు వేయించాడు. చక్ బెర్రీ, ఫ్యాట్స్ డామినో, లిటిల్ రిచర్డ్, జెర్రీ లీ లూయిస్, సిస్టర్ రొజెట్టా థార్ప్. 1986లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో కళాకారుల కింద తొలివిడతగా పది పేర్లు ఎక్కించారు. అప్పటికే సామ్ కుక్, బడ్డీ హాలీ, ఎల్విస్ ప్రెస్లీ లేరు. మిగిలినవాళ్లు ఒక్కొక్కరే రాలిపోయారు. 2017లో చక్ బెర్రీ, ఫ్యాట్స్ డామినో. 2020లో లిటిల్ రిచర్డ్. 2021లో డాన్ ఎవర్లీ. 2022 అక్టోబరులో జెర్రీ లీ లూయిస్ పోవడంతో ఆ పది పేర్లలో బతికున్నవాళ్లు ఒక్కరూ లేకుండా అయ్యారు.

నడిమిట్ల పెట్టిన అన్నిటికంటే పెద్ద ఫొటో మాత్రం ఆ పది పేర్లలో ఎవరిదీ కాదు. ఒళ్లో గిటారు పెట్టుకున్న నల్లజాతి పెద్దాయన. కింద రెండడుగుల తెలుగు అక్షరాలు: ఆర్థర్ క్రూడప్.

గేటు దగ్గర వచ్చేవాళ్లకు స్వాగతం చెప్పడానికి చేవెళ్ల అవతలి పల్లె నుంచి ఐదుగురు డప్పు కళాకారులను పిలిపించారు. జట్టుకు పెద్ద ఒక తాత. డెబ్బై దాటి ఉంటాడు. డిసెంబరు మంచుకు డప్పు మెత్తబడుతుంది, సెగ చూపకపోతే మోగదు. లాన్‌లో గడ్డి మంట పెట్టొద్దన్నారు. తాత మెల్లగా వంటవాళ్ల దిక్కు పోయి, కోళ్లు కాలుస్తున్న బార్బెక్యూ బొగ్గుల మీద డప్పును ఆడిస్తూ కాచుకున్నాడు. మరీ దగ్గరకు పోనీయడు, మరీ దూరం పోనీయడు. మధ్యమధ్య చెవి దగ్గర పెట్టుకుని గోటితో టిక్కుమనిపించి వింటాడు. తోలు బిగిసిందని తెలియగానే చంకకు తగిలించుకుని, కుడిచేతిలో సిర్ర, ఎడమచేతిలో సిటికెన పుల్ల పట్టి ఒక్క దెబ్బ వేశాడు. బార్బెక్యూ దగ్గర ప్లేట్లు పట్టుకుని నిలబడ్డవాళ్లంతా తిరిగి చూశారు.

జనం వచ్చి కూర్చున్నాక డప్పులవాళ్లను పక్కకు నిలబెట్టారు. మా దోస్తు మైకు తీసుకున్నాడు. సగం ఇంగ్లీషు, సగం తెలుగు. తాత నా పక్కనే, నేల మీద గొంతుకూర్చున్నాడు. కాసేపు ఆ పెద్ద ఫొటో దిక్కు చూసి, “సారు, గా పెద్దాయన ఎవలు? అందరు గింత బాధపడుతుండ్రు, ఈ ఇంటాయన తాతనా?” అని అడిగాడు.

“కాదు తాతా, పాటగాడు. అమెరికాలో మిసిసిపీ అనే చోట పుట్టిండు. పేరు క్రూడప్.”

“క్రూడప్పనా? మన తాండూరు దిక్కు పేరు లెక్కనే ఉన్నది” అని సంబరపడ్డాడు. “ఏం జేసిండట?”

మా దోస్తు మైకులో చెప్తున్నదాన్ని నేను మెల్లగా తాత చెవిలో వేస్తూ పోయాను. పొలం పనులు చేసుకునే మనిషి. పెద్దయినాక గిటారు పట్టుకుని బతుకుదెరువుకు చికాగో పోయాడు. అక్కడ తలదాచుకోను ఇల్లు లేక రైలు వంతెన కింద చెక్కపెట్టెలో పడుకున్నాడు. లెస్టర్ మెల్రోజ్ అనే ఆయన చూసి రికార్డులు చేయించాడు. 1946లో ‘దట్సాల్ రైట్’ అని ఒక పాట కట్టి పాడాడు క్రూడప్. ఎనిమిదేండ్ల తర్వాత, 1954లో, మెంఫిస్‌లో 19 ఏండ్ల కుర్రాడు అదే పాట తన తీరులో పాడాడు. ఆ కుర్రాడే ఎల్విస్ ప్రెస్లీ. అదే అతని తొలి రికార్డు. రాక్ అండ్ రోల్ అక్కడే మొదలయిందని చెప్పేవాళ్లు చాలామంది. లోకం ఎల్విస్‌ను రాజు అన్నది.

“మరి క్రూడప్పను ఏమన్నరు?”

“తండ్రి అన్నరు. రాక్ అండ్ రోల్‌కు తండ్రి అని బిరుదు ఇచ్చిండ్రు.”

“బిరుదు సరే సారు. పైసలు?”

పాట హక్కులు మెల్రోజ్ చేతిలోకి పోయాయని చెప్పాను. రికార్డు అమ్ముడుపోతే వచ్చే పైసలు మధ్యలోనే ఆగిపోయాయని, విసిగిపోయి పాడటమే మానేసి వర్జీనియాలో మళ్లీ పొలం పనులకు పోయాడని చెప్పాను. ముసలితనంలో కొందరు మంచివాళ్లు ఆయన తరఫున కొట్లాడితే ఒక ఒప్పందం కుదిరింది. సంతకాల దాకా పోయినంక అవతలివాళ్లు మాట మార్చారు. 1974లో ఆయన పోయాడు. పైసలు ఆ తర్వాత వచ్చాయి, ఇంటివాళ్లకు.

తాత చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “గట్లనే మన కిన్నెర మొగులయ్య” అన్నాడు. నేను కూడా అదే అనుకుంటున్నాను. దర్శనం మొగులయ్య, 12 మెట్ల కిన్నెర మోసుకుని పండుగ సాయన్న కథ ఊరూరా పాడిన మనిషి. 2021లో ‘భీమ్లా నాయక్’ పాటలో ఆయన గొంతు రాష్ట్రమంతా విన్నది. 2022లో పద్మశ్రీ ఇచ్చారు. 2024లో హైదరాబాద్ శివార్లలో తుర్కయాంజాల్‌లో ఇల్లు కట్టే దగ్గర కూలి పని చేస్తూ కనిపించాడు. పద్మశ్రీ పతకం ఇంట్లో, తట్ట నెత్తి మీద.

తొలితరానికి మనం చేసేదంతా పోయినాక చేస్తాం. సిస్టర్ రొజెట్టా థార్ప్ గిటారు వాయించిన తీరు చూసి ఆ తర్వాతి తరమంతా నేర్చుకుంది. 1973లో ఆమె పోతే సమాధి మీద పేరు చెక్కిన రాయి కూడా ఏండ్ల తరబడి లేదు. హాల్ ఆఫ్ ఫేమ్‌లో పేరు ఎక్కింది 2018లో. పేరు పెట్టడం, రాయి పెట్టడం, దండ వేయడం అన్నీ మంచివే. అవి చేసేవాళ్ల మనసు మంచిదే. కానీ పాట కట్టినవానికి బతికి ఉండగా కావలసింది ఆ పాట తాలూకు కూలి. అది చేతిలో పడితేనే మిగతా మర్యాదలకు అర్థం. మా దోస్తు కూడా ఆ రోజు మైకులో ఇదే అన్నాడు, గొంతు పూడుకుపోయి మధ్యలో ఆపి నీళ్లు తాగాడు. ముందు వరుసలో ఇద్దరు ముగ్గురు కండ్లు తుడుచుకున్నారు.

ప్రసంగం అయిపోగానే తాత లేచాడు. ఎవరూ పిలవలేదు. తన నలుగురినీ కంటితోనే లేపి స్టేజీ ముందుకు పోయి, క్రూడప్ ఫొటోకు ఎదురుగా నిలబడి దరువు ఎత్తుకున్నాడు. మొదట నింపాదిగా, ఒక్కో దెబ్బ లెక్కపెట్టినట్టు. తర్వాత సిటికెన పుల్ల వడిగా ఆడుతుంటే సిర్ర మాత్రం అదే బరువుతో పడుతోంది. రెండు నిమిషాలకల్లా కుర్చీలు ఖాళీ అయ్యాయి. పిల్లలు, పెద్దలు అందరూ ఈలలేస్తూ చిందులు. వీడియోలు తీశారు. సభ ఇంతకంటే బాగా ముగియదని అందరూ అన్నారు.

చెమట తుడుచుకుంటూ తాత నా దగ్గరికి వస్తే, “ఏం దరువు తాతా అది?” అని అడిగాను.

“సావు దెబ్బ సారు. మా దిక్కు పెద్దమనిషి పోతే గా దెబ్బ గొట్టి సాగనంపుతం. పాపం, క్రూడప్పకు గప్పుడు ఎవలు గొట్టిండ్రో లేదో.”

ఏండ్ల కింద ఎక్కడో వర్జీనియాలో పోయిన మనిషికి చేవెళ్ల తాత తన విద్యతో అంత్యమర్యాద చేశాడు. ఆ రాత్రి అక్కడ జరిగిన నివాళి అదొక్కటే అని నేను ఇప్పటికీ నమ్ముతాను.

పదకొండు దాటింది. మా దోస్తు చుట్టాలను దింపడానికి సిటీకి పోయాడు. లాన్‌లో కుర్చీలు ఎత్తుతున్నారు. డప్పులవాళ్లు ఈవెంట్ మేనేజర్ చుట్టూ నిలబడి ఉన్నారు. మనిషికి వెయ్యి అని మాట. మేనేజరు చేతిలో ట్యాబ్, దాని మీద ఏదో ఫారం.

“తాతా, ఇప్పుడు క్యాష్ ఉండదు. మీ డీటెయిల్స్ సిస్టమ్‌లో ఎక్కిస్త. బిల్లు పాస్ అయినంక అకౌంట్ల పడ్తయ్. నలభై ఐదు రోజులు.”

“పోయిన బోనాలకు గూడ గిట్లనే అంటిరి బిడ్డా. గవ్వే ఇంక రాలె.”

“అవి వేరే కంపెనీవి తాతా, ఇవి వేరే. టెన్షన్ పడకు, గ్యారంటీగ వస్తయ్.”

నేను పక్కకు జరిగి మా దోస్తుకు ఫోన్ చేశాను. “అరే, డప్పులోళ్లవి కలిపి నిన్ననే మొత్తం కట్టేసిన రా, ఆ మేనేజర్‌కే” అన్నాడు వాడు. నిజమే చెప్పాడు. ఫోన్ స్పీకర్‌లో పెట్టాను. మేనేజరు విన్నాడు, చిన్నగా నవ్వాడు.

“సారు కట్టిండు అన్నా, ఎవరు కాదన్నరు? మాకు వచ్చింది మాకు. ఆర్టిస్టులకు పోయేది మా ప్రాసెస్ ప్రకారం పోతది.”

డప్పులవాళ్లలో చిన్నవాడు ఏదో అనబోతే తాత చెయ్యి అడ్డం పెట్టాడు. మేనేజరు వెనక స్టేజీ మీద ఇంకా లైట్లు ఆర్పలేదు. ఆ ఫ్లెక్సీ ప్రింట్ చేయించింది, దండ తెప్పించి వేయించింది, ఉదయం నుంచి నిచ్చెన ఎక్కి దిగి ఆ రెండడుగుల అక్షరాలు సరిగ్గా వచ్చేలా చూసింది ఈ మేనేజరే.

“సరే తాతా, టైమ్ అయితంది. మొదలు నీ పేరు చెప్పు, ఎక్కిస్త.”

తాత స్టేజీ దిక్కు ఒకసారి చూశాడు.

“క్రూడప్ప.”

మేనేజరు తల ఎత్తకుండా టైప్ చేసుకున్నాడు. “క్రూ... డ... ప్ప. ఓకే. నెక్స్ట్?”

నేను తాత భుజం మీద చెయ్యి వేసి, “అదేంది తాతా, ఆ పేరెందుకు చెప్పినవ్?” అన్నాను.

“గా పేరుకైతే సచ్చినంకనన్న ఇంటోళ్లకు ముట్టినయట గద సారు.”